కళావిద్య నిర్బంధము కావలెనా?

పాఠశాలయనగా అక్షరములు, అంకెలు, పరీక్షలు అను తలంపు మనలో లోతుగా వేరూనియున్నది. బొమ్మ గీయుట, పాట పాడుట మొదలగునవి తీరికవేళల విలాసములని పలువురి యభిప్రాయము. పరీక్షలు సమీపించినంతనే బడిలో మొట్టమొదట తొలగించు గంట అదియే. ఈ కళలను ప్రతి బాలునకును ప్రతి బాలికకును విధిగా నేర్పవలెనా యను ప్రశ్నకు ఊహలతో ఉత్తరము చెప్పుటకంటె చరిత్ర నడుగుట మేలు. చట్టముచే నిర్బంధించి చూచిన దేశము కలదు. చట్టము లేకయే కళ వికసించిన యూరు మన యాంధ్రదేశముననే కలదు.

పూర్వము మనకు కళ బడిలో గాక యింటిలో నుండెడిది. కూచిపూడి నాట్యము కొన్ని కుటుంబముల మగవారి విద్య. అభినయమును సంగీతమును కళావంతుల స్త్రీల జీవనము. అద్దకము, బొమ్మలు చెక్కుట ఆయా వృత్తులవారివి. ఈ పద్ధతిలో నైపుణ్యము కలదు గాని యితరులకు ద్వారము లేదు. పందొమ్మిదవ శతాబ్ది చివర వీరేశలింగము పంతులుగారు మొదలగు సంస్కర్తలు భోగము మేళములను ఖండించిరి. స్త్రీని విలాసవస్తువుగా జేయు దురాచారమును ఖండించుట ధర్మమే. తుదకు 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణమును చట్టము నిషేధించెను. అయితే దురాచారముతోపాటు ఆ స్త్రీలు తరతరములుగా కాపాడిన విద్యయు అపకీర్తిపాలయ్యెను. ఆ విద్యకు బడిలో గౌరవస్థానము నిచ్చి, వారినే గురువులుగా నిలిపియుండినచో సంస్కరణము సంపూర్ణమై యుండెడిది. పాత తలుపు మూసితిమి. కొత్త తలుపు తెరువ మరచితిమి.

ఇక నిర్బంధించిన దేశము మాట. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రము 1870లో చట్టము చేసి, ప్రభుత్వపాఠశాలలలో విధిగా బోధింపవలసిన విషయములలో చిత్రలేఖనమును చేర్చెను. 10,000కు మించిన జనసంఖ్యగల పట్టణములు 15 ఏండ్లు దాటినవారికి పారిశ్రామిక చిత్రలేఖనమును ఉచితముగా నేర్పవలెననియు విధించెను. దీనిని ముందు నిలిచి కోరినవారు పరిశ్రమల యజమానులు. తమ సరకులకు మంచి నమూనాలు గీయు పనివారు వారికి కావలసిరి. 1871లో ఇంగ్లండునుండి వాల్టరు స్మిత్తు అను బోధకుని రప్పించిరి. ఆయన పద్ధతిలో పిల్లలు గీతలను, జ్యామితిరూపములను వరుసక్రమమున చూచి వ్రాయవలెను. చేతికి క్రమము కలిగెను గాని, తాను చూచినదానిని తానే గీయు ఆనందమునకు అందు చోటు తక్కువ. అయినను ఒక మేలు జరుగకపోలేదు. ధనమిచ్చి గురువును కుదుర్చుకొనలేనివారి బిడ్డలకును పెన్సిలు చేతికి వచ్చెను. బోధకులను తయారుచేయుటకు 1873లో ప్రత్యేకకళాశాలయు వెలసెను.

రాజమహేంద్రవరమున జరిగినది దీనికి విరుద్ధము. 1909 నుండి 1919 వరకు అచ్చటి ప్రభుత్వకళాశాలకు అధ్యక్షులుగా నుండిన ఆస్వాల్డు కూల్డ్రేగారు స్వయముగా చిత్రకారులు. ఏ చట్టమును ఆయనను నిర్బంధింపలేదు. ప్రతిభగల పిల్లలను గుర్తించి ప్రోత్సహించుట ఆయన స్వభావము. ఆ ప్రోత్సాహముననే దామెర్ల రామారావు, అడివి బాపిరాజుగారలు చిత్రకళయందు నిలద్రొక్కుకొనిరి. రామారావుగారు బొంబాయి జె.జె. కళాశాలలో శిక్షణ పొంది, మరల తమ యూరికే వచ్చి చిత్రకళాశాలను నెలకొల్పిరి. 1925లో, 28 ఏండ్లు నిండకయే, మశూచికముచే మరణించిరి. పిమ్మట వారి సహచరులు వరదా వెంకటరత్నముగారు ఆ పనిని సాగించిరి. ఒక్క గురువు ఆదరము ఒక తరమును తీర్చెనని మనము గర్వింపవచ్చును. కాని ఆ గురువు తటస్థింపని యూళ్లలో రామారావులెందరు మఱుగుపడిరో యెవ్వరు చెప్పగలరు? దైవవశమున లభించిన గురువును పొగడవచ్చును గాని, ఒక జాతివిద్యను దైవవశమునకు వదలరాదు.

ప్రతి బిడ్డకును చేతివిద్య నందింపవలెనను యత్నము మనదేశమునను జరిగెను. 1937లో గాంధీమహాత్ముని ఆధ్వర్యమున వార్ధాలో విద్యాసభ కూడెను. జాకీర్ హుస్సేనుగారి అధ్యక్షతను ఏర్పడిన సంఘము సంగీతమును, చిత్రలేఖనమును పాఠ్యక్రమమున చేర్చెను. కాని కాలవిభజన చూడుడు: 5 గంటల 30 నిమిషముల దినమున చేతిపనికి 3 గంటల 20 నిమిషములు, సంగీతము, చిత్రలేఖనము, గణితము మూడింటికిని కలిపి 40 నిమిషములు. గణితము ప్రక్కన కూర్చుండబెట్టిన పాటకు దక్కు భాగమెంతయో ఊహింపవచ్చును. పట్టికలో పేరు చేరినంతమాత్రమున బడిలో స్థానము దక్కదు.

ఇటీవలి చరిత్రయు ఇట్టిదే. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికాచట్రము సంగీతము, నృత్యము, దృశ్యకళలు, నాటకము అను నాలుగింటికిని పాఠశాలవిద్యలో చోటు కోరెను. 2009 నాటి విద్యాహక్కుచట్టము, ఆరు మొదలు ఎనిమిదివరకు తరగతులుగల బడిలో 100 మందికి మించి పిల్లలున్నచో కళావిద్యకొక పార్ట్‌టైము బోధకుడుండవలెనని అనుబంధమున వ్రాసెను. వాక్యము మంచిదే. కాని పిల్లలు తక్కువగానున్న పల్లెబడికి అది వర్తింపదు. ఐదవ తరగతిలోపు పసివానికిని వర్తింపదు. కళ ఎవరికి మిక్కిలి దూరమో వారికే ఆ వాక్యము చేరదు.

అందరును కళాకారులగుదురా యని కొందరు ప్రశ్నింతురు. గణితము చదివినవారందరును రామానుజనులు కావలెనని మనము కోరుచున్నామా? లెక్క వచ్చినవాడు సంతలో మోసపోడు; రాగము వినుట, రూపము చూచుట తెలిసినవాడు తన యూరి గుడిశిల్పమును సున్నము పూసి పాడుచేయడు, తోటివాని విద్యను కులము పేర తూలనాడడు. బోధకులు దొరకరందురా? కొండపల్లిలో బొమ్మలు చేయువారున్నారు, పెడనలో కలంకారీ అద్దకపువారున్నారు, బుఱ్ఱకథ చెప్పువారున్నారు. వారికి పట్టములు లేవని బడిగడప బయటనే నిలుపుట మన యవివేకము.

కావున నా మనవి యిది. నిర్బంధము కావలసినదే, కాని అది బిడ్డమీద గాదు, బడిమీద, ప్రభుత్వముమీద. ప్రతి బడికిని గురువును, వేళను, రంగులను, వాద్యములను సమకూర్చుట వారికి విధి కావలెను. ఏ కళను కోరుకొనుటయో బిడ్డ యిష్టము. మార్కులతో దానిని కొలువరాదు. కొలిచినచో మసాచుసెట్సు గీతలే మరల మిగులును. విధించకున్నచో రాజమహేంద్రవరపు అదృష్టముకొరకు ఎదురుచూచుటయే మిగులును. ఆ అదృష్టము మన పల్లెబిడ్డను వెదకికొని వచ్చునని నమ్మి మరియొక తరమును పోగొట్టుకొనకుందుముగాక.