ఉదారవాదం (అంతర్జాతీయ సంబంధాలు)

అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాల్లో ఉదారవాదం వాస్తవికవాదానికి ప్రధాన ప్రత్యర్థి. దేశాలపై అజమాయిషీ చేసే ప్రపంచ ప్రభుత్వం లేదని రెండూ ఒప్పుకుంటాయి. అంతమాత్రాన యుద్ధం తప్పదని మాత్రం ఉదారవాదం అనుకోదు. వర్తకం, ప్రజాస్వామ్యం, ఉమ్మడి సంస్థలు యుద్ధావకాశాలను తగ్గిస్తాయన్నది దాని వాదన.

యుద్ధ భారం మోయాల్సిన పౌరుల సమ్మతి కావలసిన చోట పాలకులు తొందరపడి కయ్యానికి దిగలేరని ఇమాన్యుయేల్ కాంట్ 1795లోనే తర్కించాడు. అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ 1918లో ప్రకటించిన 14 సూత్రాల్లో చివరిది నానాజాతి సమితికి దారితీసింది. విచిత్రమేమంటే ఆ సమితిలో అమెరికాయే చేరలేదు.

ఆచరణలో ఉదారవాదానికి మేలైన ఉదాహరణ ఐరోపా బొగ్గు, ఉక్కు సమాజం. ఫ్రాన్స్, జర్మనీ 1870 నుంచి మూడుసార్లు తలపడ్డాయి. ఫిరంగులకు ఉక్కు, ఉక్కుకు బొగ్గు కావాలి. అందుకే ఆ రెండింటినీ ఉమ్మడి అజమాయిషీ కిందికి తెద్దామని 1950 మే 9న ఫ్రెంచి విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ప్రతిపాదించారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ఈ సమాజాన్ని నెలకొల్పే పారిస్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. లక్సెంబర్గ్‌లో కొలువుదీరిన దాని కార్యనిర్వాహక మండలి హై అథారిటీ నిర్ణయాలకు సభ్య ప్రభుత్వాలు కట్టుబడాల్సి ఉండేది. చాటుమాటుగా ఆయుధాలు పోగేయడం దాంతో కష్టమైంది. అయితే పశ్చిమ ఐరోపాకు అమెరికా సైన్యం అండ కూడా ఉందని వాస్తవికవాదులు గుర్తుచేస్తారు. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు.

రాబర్ట్ కోహేన్, జోసెఫ్ నై 1977లో దేశాల పరస్పరాధారతపై రాసిన పుస్తకంతో ఉదారవాదం కొత్త రూపు దిద్దుకుంది. అయితే రష్యా గ్యాస్‌పై జర్మనీ ఎంతగా ఆధారపడినా 2022లో ఉక్రెయిన్‌పై రష్యా దండయాత్ర ఆగలేదు. ఉదారవాదంపై నేటి విమర్శల్లో తరచూ వినిపించేది ఇదే.