పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి తొలి జీవితం

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 17వ శతాబ్దానికి చెందిన యోగి, తత్త్వవేత్త, కాలజ్ఞానకర్త. రాబోవు కాలాన్ని ముందుగా చెప్పిన ప్రవక్తగా తెలుగువారు ఆయనను "బ్రహ్మంగారు" అని పిలుస్తారు. సంప్రదాయం ప్రకారం ఆయన జీవితకాలం 1608 - 1693. కడప జిల్లాలోని కందిమల్లాయపల్లెలో స్థిరపడక పూర్వం ఆయన గడిపిన జీవితాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

జననం, పెంపకం

బ్రహ్మంగారి కన్నతల్లిదండ్రులు ప్రకృతాంబ, పరిపూర్ణయాచార్యులు. వీరు విశ్వబ్రాహ్మణులు. పసితనంలోనే వారికి దూరమైన బాలుని, సంతానం లేని వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ దంపతులు చేరదీశారు. వీరభోజయాచార్యులు పాపాగ్ని మఠాధిపతి. పాపాగ్ని నది ఇప్పటి కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి, కడప జిల్లాలో పెన్నానదిలో కలుస్తుంది. మఠంలో బాలుని వీరంభొట్లయ్య అని పిలిచేవారు.

వీరభోజయాచార్యులు మరణించిన కొంతకాలానికి బాలుడు దేశాటనకు సిద్ధమైనాడు. పెంపుడు తల్లి అందుకు ఒప్పుకోలేదు. దేహం అశాశ్వతమని, బంధాలు నిలిచేవి కావని ఆమెకు బోధించి, అనుమతి పొంది బయలుదేరాడని కథ. తల్లికి చేసిన ఈ బోధనే ఆయన తొలి ఉపదేశంగా భక్తులు భావిస్తారు.

బనగానపల్లెలో పశువుల కాపరి

దేశాటనలో భాగంగా ఆయన బనగానపల్లె చేరి, ఒక రాత్రి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంటి అరుగుపై నిద్రించాడు. మరునాడు ఆమె ఆయనను పశువులు కాయడానికి పనిలో పెట్టుకొన్నది. బనగానపల్లె పూర్వపు కర్నూలు జిల్లాలోనిది. 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉంది.

పశువులను సమీపంలోని రవ్వలకొండకు తోలుకొని వెళ్ళి, వాటి చుట్టూ కర్రతో గీత గీసేవాడని, అవి ఆ గీత దాటకుండా మేసేవని చెబుతారు. ఆ సమయంలో ఆయన కొండగుహలో కూర్చొని తాటాకులపై కాలజ్ఞానం వ్రాసేవాడు. సంగతి విన్న అచ్చమ్మ చాటుగా వెళ్ళి చూసి, తన ఇంటి పనివాడు జ్ఞాని అని గ్రహించి క్షమాపణ కోరింది. తరువాత ఆయన వద్ద ఉపదేశం పొందింది. అంధుడైన ఆమె కుమారునికి చూపు ప్రసాదించాడని కూడా ఐతిహ్యం ఉంది.

ఈ కథలో పొలం, పశువులు గల ఇంటి యజమానురాలు తన పనివానికి శిష్యురాలవుతుంది. తరువాతి కాలంలో దూదేకుల కుటుంబానికి చెందిన సిద్ధయ్యను శిష్యునిగా స్వీకరించి, కులమత భేదాలను నిరసించిన బ్రహ్మంగారి జీవితానికి ఈ ఘట్టం నాంది వంటిది. మందకాపరి ప్రవక్త కావడం ఇతర మతగ్రంథాలలోనూ కనిపిస్తుంది. బైబిలులో మోషే తన మామ మందను మేపుతుండగా దైవపిలుపు వింటాడు. ఆమోసు తెకోవ గ్రామపు కాపరి.

కాలజ్ఞాన ప్రతులు

తాను వ్రాసిన తాటాకు ప్రతులను బనగానపల్లెలో పాతిపెట్టి, దానిపై చింతచెట్టు నాటాడని ప్రతీతి. అక్కడి చింతమాను మఠం పేరు దీని నుండే వచ్చింది. సమీపంలోని యాగంటి బసవన్న పెరిగి, కలియుగాంతంలో రంకె వేస్తాడన్నది కాలజ్ఞానంలో ప్రజలకు బాగా తెలిసిన జోస్యం.

చారిత్రకత

పైన చెప్పిన వృత్తాంతానికి ఆధారం మఠ సంప్రదాయం, జనుల నోట నిలిచిన కథలు, తరువాత వెలువడిన జీవితచరిత్రలు. కాలజ్ఞానం పేరుతో ప్రచారంలో ఉన్న పాఠాలు ఒకదానితో ఒకటి సరిపోలవు. వాటిలో తరువాతివారు చేర్చిన భాగాలూ ఉన్నాయి. కనుక ఒక జోస్యం నిజమైనదని చెప్పేముందు, అది ఆ సంఘటనకు ముందునాటి ప్రతిలో ఉన్నదా అని పరిశీలించడం అవసరం.

ప్రజాదరణ

బనగానపల్లె నుండి ఆయన కందిమల్లాయపల్లె చేరి వడ్రంగి పనితో జీవించాడు. అక్కడే జీవసమాధి పొందాడని భక్తుల విశ్వాసం. ఆ ఊరు ఇప్పుడు బ్రహ్మంగారిమఠంగా ప్రసిద్ధం. నందమూరి తారక రామారావు బ్రహ్మంగారి పాత్ర ధరించిన "శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర" చలనచిత్రం 1984లో విడుదలై, ఈ గాథను మరింతమందికి చేర్చింది.