చలిలో ఘాట్ ఎక్కుతుంటే లారీ లాగడం లేదా? ఇంజిన్ విప్పే ముందు ఇవి చూడండి

కశ్మీర్‌లో ఆపిల్ లోడు ఎత్తుకుని హైదరాబాద్ వచ్చే లారీలకు, లేహ్ వైపు సరుకు తీసుకెళ్లే బండ్లకు చలికాలంలో ఓ చిక్కు ఎదురవుతుంటుంది. ఘాట్‌లో బండి కాసేపు లాగుతుంది, కాసేపు లాగదు. తీరా కిందికి దిగి మెకానిక్‌కు చూపిస్తే ఏ లోపమూ కనిపించదు!

చాలాసార్లు కారణం డీజిలే. అందులో సహజంగా ఉండే మైనం చలికి గడ్డకట్టి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. ఫ్లాట్‌గా ఉన్న రోడ్డు మీద తక్కువ డీజిల్ చాలు కాబట్టి తెలియదు. ఫుల్ యాక్సిలరేటర్ తొక్కగానే పికప్ పడిపోతుంది. కాసేపు ఆపితే ఇంజిన్ వేడికి మైనం కరిగి మళ్లీ కదులుతుంది. ఎండెక్కాక షెడ్డుకు చేరేసరికి ఆనవాలే ఉండదు. అందుకే బండి మొరాయించిన చోటే, బండిని సురక్షితంగా పక్కకు ఆపి, ఫిల్టర్ విప్పి చూడాలి. తెల్లగా, జిగటగా ఉంటే మైనం. మంచు పలుకులుంటే డీజిల్‌లో నీళ్లు చేరినట్టే. వాటర్ సెపరేటర్‌ను చలి ప్రాంతంలోకి వెళ్లకముందే డ్రెయిన్ చేసుకోవాలి.

పొగను కూడా గమనించండి. నల్లపొగతో పాటు ఈల లాంటి శబ్దం వస్తే టర్బో పైపు చిట్లిందేమో, క్లాంపు వదులైందేమో చూడాలి. పొగ పెద్దగా లేకుండా దమ్ము తగ్గితే డీజిల్ సరిగా అందడం లేదని అనుమానించాలి. ఇక ఎత్తు పెరిగేకొద్దీ పవర్ మెల్లగా తగ్గడం మామూలే, గాలి పలచబడుతుంది కదా. 17 వేల అడుగులు దాటే కనుమల్లో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. అయితే ఆ తగ్గుదల వచ్చిపోయేది కాదు.

బీఎస్-6 బండ్లలో వాడే యూరియా ద్రావణం (డెఫ్) మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. దాన్ని కరిగించడానికి ట్యాంకులో హీటర్ ఉంటుంది. అది పనిచేయకపోతే వార్నింగ్ లైటు వెలిగి, ఆ తర్వాత పవర్‌ను బండే తగ్గించుకోవచ్చు. లైటు వెలిగితే బ్యాటరీ వైరు పీకి ఆర్పేయొద్దు. ముందు స్కానర్ పెట్టించి కోడ్ చూడాలి.

మైదానంలో నింపిన డీజిల్‌తోనే కనుమ ఎక్కేయాలనుకోవడం పెద్ద పొరపాటు. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల్లోనూ గడ్డకట్టని వింటర్ డీజిల్ తెచ్చింది. ట్యాంకులో పాత డీజిల్ తక్కువగా ఉండగానే అది దొరికే చోట నింపుకోవడం మేలు. కిరోసిన్, పెట్రోల్ కలిపితే కామన్ రైల్ పంపు, ఇంజెక్టర్లు దెబ్బతింటాయి. ట్యాంకు కింద మంట పెట్టడమైతే ప్రాణాలతో చెలగాటమే. వేడినీళ్లలో తడిపిన గుడ్డ ఫిల్టర్‌కు చుట్టి కరిగించుకోవచ్చు. వెంట ఓ కొత్త ఫిల్టర్ ఉంటే ఇంకా మంచిది.