అణువా, పరమాణువా? కెమిస్ట్రీ మొదలుపెట్టిన మన పిల్లలు అడిగే ప్రశ్నలు

ఫాక్‌లాండ్ రోడ్డుకు పఠ్ఠే బాపూరావ్ మార్గ్ అని పేరు మార్చి ఏళ్లు గడిచాయి. మనం ఇంకా పాత పేరే అంటాం. ఒక వీధికి రెండు పేర్లున్నా, రెండూ తెలిసినవాళ్లు దారి తప్పరు. ఒకే పేరు రెండు వేర్వేరు వస్తువులకు ఉంటేనే చిక్కు. తొమ్మిదో తరగతిలో కెమిస్ట్రీ మొదలవగానే మన ఇళ్లలో పిల్లలకు ఎదురయ్యేది సరిగ్గా ఈ చిక్కే.

మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గల్లీలో హిందీ. బడి మరాఠీదో హిందీదో ఇంగ్లిష్‌దో అవుతుంది. ముంబై మహానగర పాలిక ఎనిమిది భాషల్లో బడులు నడుపుతోంది, వాటిలో తెలుగు కూడా ఉంది. కానీ తమ్ముడు ఒక మీడియం, అక్క ఇంకో మీడియం చదివే ఇళ్లు మనలో తక్కువేమీ కాదు. ఊళ్లో తెలుగు మీడియం చదివి వచ్చిన తల్లో, బాబాయో పక్కన కూర్చుని చెబితే, చెప్పింది నిజమే అయినా పిల్లవాడు పరీక్షలో తప్పు రాయవచ్చు. అందుకే పిల్లలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను, వాటి జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

అణువు పెద్దదా, పరమాణువు పెద్దదా?

ఏ పుస్తకం చదువుతున్నావని ముందు అడగాలి. తెలుగులో మూలకపు అతి చిన్న ముక్క పరమాణువు. కొన్ని పరమాణువులు కలిస్తే అణువు. హిందీలోనూ అంతే. మరాఠీలో మాత్రం అణు అంటేనే మనం పరమాణువు అనేది. మనం అణువు అనేదాన్ని వాళ్లు రేణు అంటారు. ‘నీటి అణువులో మూడు పరమాణువులుంటాయి’ అని తెలుగులో చెప్పే మాట మరాఠీలో ‘నీటి రేణువులో మూడు అణువులుంటాయి’ అవుతుంది. రెండూ ఒప్పే. కలిపేస్తేనే తప్పు.

ట్రాంబేలోని భాభా కేంద్రం పేరు చూడండి. మరాఠీ బోర్డు మీద ‘అణుసంశోధన్’ అని, హిందీ బోర్డు మీద ‘పరమాణు అనుసంధాన్’ అని ఉంటుంది. కేంద్రం ఒకటే. మన తెలుగు పేపర్లు కూడా అణుబాంబు, అణుశక్తి అని రాస్తాయి కాబట్టి అణువంటే ఆటమ్ అని పిల్లలు అనుకోవడం సహజం. అది వాడుక మాట. తెలుగు సైన్సు పుస్తకంలో ఆటమ్ అంటే పరమాణువే.

క్షారం అంటే ఉప్పా?

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. తెలుగు పాఠం పేరు ఆమ్లాలు, క్షారాలు, లవణాలు. మహారాష్ట్ర తొమ్మిదో తరగతి మరాఠీ పుస్తకంలో అదే పాఠం పేరు ఆమ్ల, ఆమ్లారి, క్షార. వరుస ఒకటే, కానీ మాట పక్కకు జరిగింది. మనకు క్షారం అంటే సున్నం, సోడా వంటివి. మరాఠీలో క్షార్ అంటే లవణం, అంటే ఆమ్లమూ క్షారమూ కలిస్తే వచ్చేది. మన క్షారాన్ని వాళ్లు ఆమ్లారి అంటారు. ఆమ్లానికి అరి, అంటే శత్రువు అనుకుంటే బాగా గుర్తుంటుంది.

ఇంట్లో ఎవరైనా ‘క్షారం ఎర్ర లిట్మస్‌ను నీలం చేస్తుంది’ అని చెప్పారనుకోండి. పిల్లవాడు మరాఠీ జవాబు పత్రంలో అదే మాట రాస్తే లవణమే లిట్మస్‌ను నీలం చేస్తుందని రాసినట్టు అవుతుంది.

పసుపు మరకకు సబ్బు రాస్తే ఎర్రగా ఎందుకు మారుతుంది?

తెల్ల చొక్కా మీద పడిన కూర మరక సబ్బు తగలగానే ఎర్రబడటం మనందరం చూసిందే. పసుపులోని రంగు పదార్థం ఆమ్లంలోనూ మామూలు నీటిలోనూ పసుపుగానే ఉంటుంది, క్షారం తగిలితే ఎర్రబారుతుంది. బట్టల సబ్బు క్షార స్వభావం గలది. ఆ మరక మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుగా మారుతుంది. పెళ్లిలో పారాణికి పసుపులో సున్నం కలిపేదీ ఇందుకే. బడిలో ఇలాంటి పదార్థాన్ని సూచిక అంటారు. లిట్మస్ కాగితం దొరకకపోయినా ఇంట్లో పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం సరిపోతుంది. అయితే దానితో క్షారాన్ని మాత్రమే పట్టుకోగలం. ఆమ్లానికీ మంచినీటికీ తేడా అది చూపదు.

సోడియంకు ‘ఎన్‌ఏ’ అని, ఇనుముకు ‘ఎఫ్‌ఈ’ అని ఎందుకు రాస్తారు?

ఆ సంకేతాలు లాటిన్ పేర్ల నుంచి వచ్చాయి. సోడియం నేట్రియం, పొటాషియం కాలియం, ఇనుము ఫెర్రం, రాగి క్యూప్రం, వెండి అర్జెంటం, బంగారం ఆరం, తగరం స్టానం. సీసం ప్లంబం. పూర్వం నీటి గొట్టాలు సీసంతో చేసేవారు కాబట్టి ప్లంబర్ అనే మాట కూడా దాని నుంచే వచ్చింది. ఇలా అక్షరాలతో మూలకాలను గుర్తించే పద్ధతిని 1813-14 ప్రాంతంలో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ప్రవేశపెట్టాడు.

మన ఇళ్లకు దీనివల్ల పెద్ద మేలుంది. ఏ భాష పుస్తకంలోనైనా సంకేతం మారదు. అనుమానం వచ్చినప్పుడు మాటను పక్కన పెట్టి సంకేతం చూపించమని అడగండి.

సమీకరణం తూచేటప్పుడు కింద ఉన్న చిన్న అంకెను ఎందుకు మార్చకూడదు?

కింది అంకె మారిస్తే పదార్థమే మారిపోతుంది. రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిస్తే తాగే నీళ్లు. ఆక్సిజన్ దగ్గర కూడా 2 వేస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. దాన్ని గాయాలు కడగడానికి, జుట్టు రంగు తీయడానికి వాడతారు, తాగితే ప్రమాదం. ముందు రాసే పెద్ద అంకె ఎన్ని అణువులో చెబుతుంది. దాన్ని మార్చవచ్చు. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిసి రెండు నీటి అణువులు అవుతాయి. రెండు వైపులా హైడ్రోజన్ పరమాణువులు నాలుగు, ఆక్సిజన్ పరమాణువులు రెండు. లెక్క సరిపోయింది.

గ్యాస్ అయిపోతే సిలిండర్‌లోని 14.2 కిలోలు ఎక్కడికి పోయాయి?

ఎక్కడికీ పోలేదు, గాలిలో కలిశాయి. వంటగ్యాస్‌లో ఎక్కువగా ఉండేవి బ్యూటేన్, ప్రొపేన్. ఒక సిలిండర్ పూర్తిగా మండటానికి గాలి నుంచి దాదాపు 51 కిలోల ఆక్సిజన్ తీసుకుంటుంది. దాదాపు 43 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను, 22 కిలోల నీటి ఆవిరిని ఇస్తుంది. అటు 65, ఇటు 65. మండించినా బరువు మొత్తం మారదన్న సూత్రం ఇదే. తుప్పు పట్టిన మేకు బరువు పెరిగేది కూడా గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకోవడం వల్లనే.

ఈ లెక్క పరీక్షకే కాదు, మన చిన్న ఖోలీలకు కూడా పనికొస్తుంది. ఆక్సిజన్ చాలకపోతే గ్యాస్ పూర్తిగా మండదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. నీలంగా ఉండాల్సిన మంట పచ్చగా, మసి పట్టేలా వస్తుంటే బర్నర్ శుభ్రం చేయించాలి. వంట చేస్తున్నంతసేపూ కిటికీ తెరిచే ఉంచాలి.

సున్నంలో నీళ్లు పోస్తే ఉడుకుతుంది. అది భౌతిక మార్పా, రసాయన మార్పా?

రసాయన మార్పు. కొత్త పదార్థం పుట్టిందా అన్నదే గీటురాయి. ఉప్పు నీళ్లలో కరిగితే నీళ్లు ఆవిరయ్యాక అదే ఉప్పు మిగులుతుంది, కాబట్టి అది భౌతిక మార్పు. పొడి సున్నంలో నీళ్లు పోస్తే కాల్షియం ఆక్సైడ్ పోయి కాల్షియం హైడ్రాక్సైడ్ పుడుతుంది, వేడి బయటికి వస్తుంది. ఆ తడి సున్నం గోడకు పూశాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపురాయిగా గట్టిపడుతుంది.

ఈ పాఠం మన పూర్వీకుల పనిలోదే. నిజాం రాజ్యం నుంచి వచ్చి బొంబాయిలో కట్టడపు పనులు చేసిన కామాఠీల వల్లనే కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది. సిమెంటు వాడుకలోకి రాకముందు గోడల్లో ఇటుకను ఇటుకతో పట్టి ఉంచింది సున్నమే. ఇంట్లో చూపించాలంటే పాన్‌లో వాడే సున్నం చిటికెడు గ్లాసు నీళ్లలో కలిపి, అడుగున పేరుకోనిచ్చి, పైన తేరిన నీటిని వేరే గ్లాసులోకి వంచండి. అందులోకి గొట్టంతో ఊదితే నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఊదాలి తప్ప పీల్చకూడదు. సున్నం కంట్లో పడనివ్వకూడదు.

మోల్ అంటే ఏమిటి?

డజను అంటే 12 అన్నట్టే, మోల్ అంటే ఒక సంఖ్య. కాకపోతే చాలా పెద్దది, 6022 తర్వాత ఇరవై సున్నాలు పెడితే దాదాపు అంత. అణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం కాబట్టి బరువు తూచి లెక్క తెలుసుకుంటాం. బ్యాంకులో నాణేల సంచిని తూచి ఎన్ని నాణేలో చెప్పినట్టే. ఒక మోల్ నీళ్లు 18 గ్రాములు. తిండి ఉప్పు అయితే 58.5 గ్రాములు, చక్కెర 342 గ్రాములు. బరువులు వేరైనా లెక్క ఒకటే.

బాత్రూమ్ యాసిడ్‌లో బ్లీచింగ్ కలిపితే ఇంకా బాగా శుభ్రమవుతుందా?

కాదు. ఇది ఎప్పుడూ చేయకూడని పని. యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది బ్లీచింగ్ పౌడరుతోగాని, ద్రవ బ్లీచ్‌తోగాని కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. చాల్‌లలో నలుగురూ వాడే మరుగుదొడ్డిలో ఒకరు పొద్దున బ్లీచింగ్ చల్లి పోవచ్చు, అది తెలియక ఇంకొకరు దాని మీదే యాసిడ్ పోయవచ్చు. ముందు నీళ్లు బాగా కొట్టి కడిగాకే రెండోది వాడాలి. ఘాటు వాసన వస్తే అన్నీ వదిలేసి బయటి గాలిలోకి రావాలి. దగ్గు, ఆయాసం ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ప్రయోగశాలలోనూ ఒక నియమం ఉంది. గాఢ ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు నీళ్లలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా పుట్టే వేడికి అది ముఖం మీదికి చిమ్ముతుంది.

గోడకు అంటించుకోవాల్సిన మాటలు

ఆటమ్: తెలుగులో పరమాణువు, హిందీలో పరమాణు, మరాఠీలో అణు.
మాలిక్యూల్: తెలుగులో అణువు, హిందీలో అణు, మరాఠీలో రేణు.
బేస్: తెలుగులో క్షారం, హిందీలో క్షారక్, మరాఠీలో ఆమ్లారి.
సాల్ట్: తెలుగులో లవణం, హిందీలో లవణ్, మరాఠీలో క్షార్.
ఎలిమెంట్: తెలుగులో మూలకం, హిందీలో తత్వ్, మరాఠీలో మూలద్రవ్య.
కాంపౌండ్: తెలుగులో సమ్మేళనం, హిందీలో యౌగిక్, మరాఠీలో సంయుగ్.
మెటల్: తెలుగులో లోహం, హిందీ, మరాఠీల్లో ధాతు. తెలుగులో ధాతువు అంటే లోహం తీసే ముడి ఖనిజం, దాన్ని మరాఠీలో ధాతుక్ అంటారు.
వేలన్సీ: తెలుగులో సంయోజకత, హిందీలో సంయోజకతా, మరాఠీలో సంయుజా.
రిడక్షన్: తెలుగులో క్షయకరణం, హిందీలో అపచయన్, మరాఠీలో క్షపణ్.

పదో తరగతి సైన్సు మొదటి భాగంలో మూలకాల వర్గీకరణ, రసాయన చర్యలు, లోహ విజ్ఞానం, కార్బన్ సమ్మేళనాలు ఉంటాయి. తొమ్మిదిలో ఈ మాటలు తేలకపోతే అక్కడ ఇంకా కష్టమవుతుంది. మీకు కెమిస్ట్రీ రాదని వెనక్కి తగ్గకండి. పిల్లలు చదువుతున్నప్పుడు పుస్తకం తెరిచి, ఈ మాటకు సంకేతం ఏది, నీ భాషలో దీని పేరేది అని అడగండి. వాళ్లు చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. చెప్పలేకపోతే ఎక్కడ తడబడుతున్నారో అప్పుడే తెలిసిపోతుంది.