దేవరయాంజాల్ దేవుడి భూములు

జీడిమెట్ల పారిశ్రామికవాడకు ఈశాన్యాన, శామీర్‌పేట మండలంలో ఉన్న దేవరయాంజాల్‌లోని శ్రీ సీతారామస్వామి ఆలయానికి 1,521 ఎకరాల 13 గుంటల భూమి (ఎకరాకు 40 గుంటలు) ఉన్నదని దేవాదాయ శాఖ చెబుతుండగా, అందులో చాలా భాగం తాము తరతరాలుగా సాగు చేసుకుంటున్న పట్టా భూమేనని గ్రామస్థులు వాదిస్తున్నారు. హైదరాబాద్ నగరం ఉత్తరానికి విస్తరించి, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి, పొలాల్లో గోదాములు వెలిసిన తరువాత ఈ తగాదా విలువ కోట్లకు చేరింది. 2021లో అది ఒక మంత్రి పేరుతోనూ ముడిపడింది.

దేవాలయ భూమికి యజమాని అర్చకుడూ కాదు, ధర్మకర్తా కాదు, దేవుడే. దేవతామూర్తికి న్యాయపరమైన వ్యక్తిత్వం ఉన్నదని ప్రీవీ కౌన్సిల్ 1925లోనే తేల్చింది. అయితే ఆ వ్యక్తి తన వ్యవహారాలు తాను చూసుకోలేని మైనరుతో సమానం కనుక, ఆ ఆస్తిని సంరక్షించవలసినవారే కాజేయకుండా చూడటం చట్టానికి మొదటి పని అయింది. 1987 నాటి దేవాదాయ చట్టంలోని 80వ సెక్షన్ ప్రకారం కమిషనర్ ముందస్తు అనుమతి లేని విక్రయం చెల్లదు, అనుమతి ఇచ్చినా సాధారణంగా బహిరంగ వేలం జరగాలి. ఆలయ ఆస్తిపై కౌలు గానీ కాంట్రాక్టు గానీ ఉన్నవారిని అదే చట్టం ధర్మకర్త పదవికి అనర్హులను చేసింది.

వేలం ఉన్నంత మాత్రాన అనుమానం తొలగిపోదనడానికి అమరావతికి చెందిన సదావర్తి సత్రం ఉదంతం చాలు. చెన్నై సమీపంలోని తాళంబూరులో ఆ సత్రానికి ఉన్న 83.11 ఎకరాలను 2016లో రూ.22.44 కోట్లకు పాడుకున్నవారిలో ఒక ప్రభుత్వ కార్పొరేషన్ చైర్మన్ కుటుంబీకులు ఉన్నారన్న ఆరోపణ వచ్చింది. వ్యవహారం హైకోర్టుకెక్కి, 2017లో మళ్లీ వేలం వేస్తే అదే భూమికి పాట రూ.60.30 కోట్ల దాకా వెళ్లింది.

తెలంగాణ ప్రాంతంలో మాత్రం దేవుడి భూమి చేతులు మారడానికి వేలంపాటే అక్కర లేదు. ఏటా గ్రామస్థాయిలో రాసే భూమి లెక్క అయిన పహాణీలో పట్టాదారు పేరుకు ఒక కాలమ్, భూమిని అనుభవిస్తున్నవారి పేరుకు ఇంకొక కాలమ్ ఉండేవి. అనుభవదారు కాలమ్‌లో కౌలుదారుగా చేరిన పేరు కొన్నేళ్లకు పట్టాదారు కాలమ్‌లోకి జరిగితే, ఆపైన జరిగే అమ్మకం కాగితం మీద ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల బేరంగానే కనిపిస్తుంది, 80వ సెక్షన్ గుర్తుకు రావలసిన సందర్భమే ఉండదు. అందుకే ఇలాంటి తగాదాల్లో 1954–55 నాటి ఖాస్రా పహాణీలో ఎవరి పేరు ఉన్నదన్న ప్రశ్న ఇప్పటికీ ప్రాణప్రదంగా ఉంటుంది.

మెదక్ జిల్లా అసైన్డ్ భూముల ఆరోపణలపై 2021 మే 2న ఈటల రాజేందర్‌ను మంత్రివర్గం నుంచి తొలగించిన ప్రభుత్వం, మరునాడే, ఆయన పేరు వినిపించిన దేవరయాంజాల్ భూముల ఆక్రమణలపై విచారణకు ఎం. రఘునందన్‌రావు నేతృత్వంలో నలుగురు ఐఏఎస్ అధికారుల కమిటీని వేసింది. ఈటల ఆరోపణలను ఖండించారు. నోటీసు ఇవ్వకుండా ఎవరినీ ఖాళీ చేయించరాదని స్పష్టం చేస్తూనే, కొవిడ్ రోజుల్లో అంత తొందరేమిటని హైకోర్టు ప్రశ్నించింది. ఆ ప్రశ్న సబబైనదే: ఏళ్ల తరబడి కదలని దస్త్రం ఒక సహచరుడితో తెగతెంపులైన మరునాడే కదిలితే, స్వప్రయోజనాల అనుమానం విచారణకు గురైనవారితో పాటు విచారణ వేసినవారినీ తాకుతుంది.

అసలు చిక్కు నిబంధనల్లోనే ఉన్నది. మంత్రుల ప్రవర్తనా నియమావళి ప్రభుత్వం నుంచి స్థిరాస్తి కొనరాదని మంత్రులకు చెబుతుంది; దేవుడి భూమి ప్రభుత్వ భూమి కాదు. దేవాదాయ చట్టంలోని అనర్హతల గురి ధర్మకర్తల మీదనే. మంత్రి ధర్మకర్త కాడు. ఈ రెండింటి నడుమ పడిన ఖాళీని కమిటీ నివేదికలు పూడ్చలేవు.