బానెట్ కింది వేడి: కోలారు నేల మీద పాత జీపుల కథ

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో వేడితో పోరాటం మోటారు బండ్లకంటే ముందే, భూమి అడుగున మొదలైంది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అట్టడుగున రాయే 65 డిగ్రీల సెల్సియస్ దాటి కాగుతూ ఉండేది. పైనుంచి గాలి పంపితే చాలదా అంటే చాలదు. లోతుకు దిగేకొద్దీ గాలి మీద ఒత్తిడి పెరిగి, పొడిగాలైతే కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున తనకు తానే వేడెక్కుతుంది. అందుకే ఒక షాఫ్టులోంచి గాలిని దించి, పని జరిగే చోటల్లా తిప్పి, మరో షాఫ్టులోంచి బయటికి లాగే ఏర్పాటు చేశారు. గని యంత్రాలు నడపడానికి 1902లో శివనసముద్రం జలవిద్యుత్తు దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీదుగా గనులకు చేరింది. లోతు ఇంకా పెరిగాక, 1930లలో గాలిని చల్లబరిచే శీతలీకరణ యంత్రాలూ వచ్చాయి.

వేడి ఎక్కడ పుడుతోంది, ఏ దారిన పోతోంది, ఎక్కడ బయటపడుతోంది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరికితేనే ఆ గనిలో మనిషి నిలబడగలిగేవాడు. పాత జీపు బానెట్ కింద తేల్చుకోవలసినవీ ఆ మూడు ప్రశ్నలే. ఇంజన్ వేడెక్కిందనగానే కొత్త రేడియేటర్, పెద్ద ఫ్యాన్ అంటూ పరిగెత్తేవారు చాలామంది. ఎనభై ఏళ్ల జీపు చరిత్ర చూస్తే మాత్రం, చల్లబరిచే సరంజామా పెంచడం కన్నా వేడి పోయే దారి తెరిచి ఉంచడమే ఎక్కువసార్లు పనిచేసింది.

సమస్య పరిమాణం ముందు తెలుసుకోవాలి. పెట్రోలు ఇంజన్‌లో కాలిన ఇంధనం ఇచ్చే శక్తిలో చక్రాలకు పనికొచ్చేది పావు వంతు నుంచి మూడో వంతు లోపే. మిగిలింది కొంత సైలెన్సర్ దారి పడుతుంది, కొంత నీళ్లలోకి, కొంత నేరుగా బానెట్ కిందికి చేరుతుంది. అరవై హార్స్‌పవర్ ఇంజన్ పూర్తి బలంతో లాగుతున్నప్పుడు ఒక్క రేడియేటరే ఇంచుమించు ఇరవై ఇళ్ల గీజర్లు ఒకేసారి వేసినంత వేడిని బయటికి నెట్టాలి. రోడ్డు మీద పరిగెత్తే కారుకు ఎదురుగాలి సాయం చేస్తుంది. లో గేరులో గుట్ట ఎక్కే జీపుకు ఆ సాయం ఉండదు. బండి నడిచేది మనిషి నడక వేగంతో, ఇంజన్ తిరిగేది మాత్రం హోరెత్తిపోతూ. అక్కడ ఫ్యాన్ లాగిన గాలే దిక్కు.

1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ తయారుచేసిన జీపులో 'గో డెవిల్' ఇంజన్ ఉండేది: నాలుగు సిలిండర్లు, దాదాపు 2,200 సీసీ, 60 హార్స్‌పవర్. వాల్వులన్నీ బ్లాకులోనే, సిలిండర్ల పక్కన ఉండే సైడ్ వాల్వ్ రకం అది. తయారీ తేలిక, మరమ్మతు సులువు. కానీ మండిన వాయువు బయటికి పోయే దారి బ్లాకు గుండానే సాగడంతో ఆ వేడి నీళ్లకు ఎక్కువగా అంటేది. ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఎడమ పక్కనే, ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. కార్బురేటర్ ఉన్నదీ అటువైపే. పెట్రోలు పంపు కూడా అదే పక్కన ముందు భాగంలో, కాగే మానిఫోల్డుకు చేరువలో ఉండేది.

ఈ అమరిక చలిదేశాలకు బాగా కుదిరింది. మానిఫోల్డులో ఒక చిన్న రేకు తలుపు ఉండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మండిన వాయువును ఇన్‌టేక్ అడుగుకు మళ్లించేది. చలిలో పెట్రోలు చక్కగా ఆవిరై ఇంజన్ త్వరగా అందుకునేది. ఆ తలుపు తుప్పుపట్టి, వేడిని ఇన్‌టేక్‌కు మళ్లించే చోటే బిగుసుకుపోతే, కార్బురేటర్ కింద నిప్పు పెట్టినట్టే. మన ఎండల్లో పాత జీపులు నడిపేవారికి ఆ తుప్పు పట్టిన రేకుతో వచ్చిన చిక్కు అంతా ఇంతా కాదు.

1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారిన బొంబాయి సంస్థ విల్లీస్ జీపులను మన దేశానికి తెచ్చి, విడిభాగాలను ఇక్కడే కూర్చడం మొదలుపెట్టింది. తర్వాత సీజే-3బీ వచ్చింది. అందులోని 'హరికేన్' ఇంజన్‌కు ఇన్‌టేక్ వాల్వులు పైకి, హెడ్‌లోకి చేరాయి. ఇంజన్ ఎత్తు పెరిగింది. దాన్ని కప్పడానికి బానెట్‌నూ ఎత్తు చేశారు. ఎత్తు బానెట్ జీపు అని జనం గుర్తుపట్టిన ఆ రూపానికి కారణం ఇదే. కార్బురేటర్ పైకి పోయి ఎగ్జాస్ట్‌కు కాస్త దూరమైంది. పెట్రోలు పంపు మాత్రం కిందే ఉండిపోయింది.

ఎండాకాలం మధ్యాహ్నం ఘాట్ ఎక్కుతూ బండి ఉన్నట్టుండి ఆగిపోవడానికి ఎక్కువసార్లు ఆ పంపే కారణం. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు, అక్కణ్ణుంచి ముళబాగిలు, కోలారు వైపు సాగే దారి అలాంటిది. పంపులోనూ గొట్టంలోనూ పెట్రోలు మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. పంపు డయాఫ్రమ్ ఆవిరిని నొక్కుతుందే తప్ప పెట్రోలును తోయలేదు. డ్రైవర్లు దీన్ని ఎయిర్ లాక్ అనేవారు. విరుగుడు వాళ్ల చేతిలోనే ఉండేది. పంపు మీద తడిగుడ్డ చుట్టి, దానిమీద చెంబెడు నీళ్లు పోసి, బానెట్ తెరిచి కాసేపు చెట్టునీడన ఆగడం. గుడ్డలోని నీరు ఆవిరవుతూ పంపు వేడిని లాగేస్తుంది. చేతివైద్యంలా కనిపించినా దాని వెనక ఉన్న భౌతికశాస్త్రం గట్టిదే.

కోలారు జిల్లాలో రేడియేటర్లకు మరో శత్రువు నీళ్లే. జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. చెరువులు ఎండినకొద్దీ బోర్లు లోతుకు దిగాయి, అనేక చోట్ల వెయ్యి అడుగులు దాటాయి. ఆ నీటిలో ఫ్లోరైడ్, కఠినత్వం రెండూ హెచ్చు. అలాంటి నీళ్లు రేడియేటర్‌లో పోస్తే, వేడెక్కిన ప్రతిసారీ సున్నం విడివడి గొట్టాల లోపల పొరలా పేరుకుంటుంది. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ పై ట్యాంకు టంకం కరిగించి ఎత్తి చూస్తే సంగతి తెలిసిపోతుంది. అగ్గిపుల్ల మందంలో ఉండే చదును గొట్టాల నోళ్లు తెల్లటి గట్టి పెచ్చుతో సగానికి పూడుకుపోయి, కొన్ని పూర్తిగా మూసుకుపోయి కనిపిస్తాయి. రేడియేటర్ షాపులో సన్నటి చదును కమ్మీని ఒక్కో గొట్టంలోకి దించి పెచ్చు రాలగొట్టి, ట్యాంకును మళ్లీ టంకం పెడతారు. ఇప్పటి అల్యూమినియం కోరుకు ప్లాస్టిక్ ట్యాంకును నొక్కి బిగిస్తారు కాబట్టి వాటికి ఈ వైద్యం పనికిరాదు, మార్చెయ్యడమే.

దీనికి తోడు ఎత్తు ఒకటి. సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉన్న కోలారు పీఠభూమిలో నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూతలోని స్ప్రింగ్ లోపలి ఒత్తిడిని పట్టి ఉంచి, ఒక్కో పౌండుకు దాదాపు ఒకటిన్నర డిగ్రీ చొప్పున ఆ మరుగుదలను పైకి నెడుతుంది. తొలి జీపుల మూత పట్టి ఉంచేది కొద్ది పౌండ్ల ఒత్తిడినే. తర్వాతి బండ్లలో అది 13, 15 పౌండ్లకు పెరిగింది. అరిగిన రబ్బరు వాషరున్న మూత ఉంటే ఈ లాభమంతా పోయినట్టే. అయితే పాత రేడియేటర్ మీద పెద్ద ఒత్తిడి మూత బిగిస్తే టంకం అతుకులు విడిపోతాయి.

1980ల నుంచి డీజిల్ జీపులదే రాజ్యం. ప్యూజో ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజన్, 2,112 సీసీది, మహీంద్రా బండ్లలోకి వచ్చింది. డీజిల్‌కు కార్బురేటర్ లేదు, పెట్రోలు మరిగే బాధా లేదు. ఎయిర్ లాక్ కథ అక్కడితో చాలావరకు ముగిసింది. వేడి మాత్రం మరో రూపంలో వచ్చింది. ఆ ఇంజన్‌లో డీజిల్ ముందు హెడ్‌లోని చిన్న గదిలో మండి, అక్కణ్ణుంచి సిలిండర్‌లోకి దూసుకొస్తుంది. ఆ గది గోడల గుండా వేడి హెడ్‌కూ నీళ్లకూ ఎక్కువగా చేరుతుంది. నీళ్లు తగ్గిన సంగతి కనిపెట్టకుండా నడిపితే హెడ్ వంకరపోయి గ్యాస్కెట్ కాలేది. తర్వాత వచ్చిన ఎండీఐ ఇంజన్లలో డీజిల్‌ను నేరుగా పిస్టన్ మీదే చిమ్మే పద్ధతి పెట్టారు. మైలేజీ పెరిగింది, నీళ్లలోకి పోయే వేడీ తగ్గింది.

ఇంతలో కేజీఎఫ్‌లోనే, జీపులకన్నా ఎన్నో రెట్లు పెద్ద ఇంజన్లను చల్లబరిచే విద్య వేళ్లూనుకుంది. రక్షణ మంత్రిత్వ శాఖ కింద 1964 మేలో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్, అంటే నేటి బీఈఎంఎల్, 1965 జనవరి 1 నుంచి పని ప్రారంభించింది. మట్టిపని యంత్రాల కర్మాగారాన్ని కేజీఎఫ్‌లో పెట్టింది. జపాన్ కంపెనీ కొమాట్సు సహకారంతో బుల్డోజర్లు ఇక్కడ తయారయ్యాయి. డీ80 రకం 180 హార్స్‌పవర్, డీ155 రకం 320, డీ355 రకం 410. బంగారం కరువై గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డా, ఈ ఫ్యాక్టరీ ఊరికి అన్నం పెడుతూనే ఉంది.

బుల్డోజర్‌కు ఎదురుగాలి అన్నదే లేదు. గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తూ రోజంతా పూర్తి బలంతో మట్టి తోస్తుంది. ఇంజన్ వేడికి తోడు టార్క్ కన్వర్టర్ నూనె, హైడ్రాలిక్ నూనె కూడా కాగుతాయి. వాటికి వేరే కూలర్లు కావాలి. చాలా బుల్డోజర్లలో ఫ్యాన్ గాలిని లోపలికి లాగదు, రేడియేటర్ గుండా ముందుకు తోస్తుంది. ఇంజన్ వెనకే కూర్చున్న ఆపరేటర్ ముఖానికి వేడిగాలి కొట్టకుండా చేసిన ఏర్పాటది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు దాని విలువ ఆ సీట్లో కూర్చున్నవాడికే తెలుస్తుంది. అక్కడ బొగ్గుధూళి, ఇక్కడ కేజీఎఫ్‌లో బంగారం తీశాక మిగిలిన వ్యర్థాల సైనైడ్ దిబ్బల మీంచి లేచే పిండిలాంటి ధూళి. రేడియేటర్ రెక్కల మధ్య ఈ ధూళి నూనె జిడ్డుతో కలిసి మెత్తితే, ఎంత పెద్ద రేడియేటరైనా గోడలా మారిపోతుంది.

నీళ్లే వద్దనుకున్న దారి మరొకటి. చెకొస్లోవేకియా కంపెనీ టాట్రా 1923 నుంచే గాలితో చల్లబడే ఇంజన్లు చేస్తోంది. 1986 నాటి ఒప్పందంతో టాట్రా ట్రక్కులు బీఈఎంఎల్ ద్వారా భారత సైన్యానికి వచ్చాయి. పృథ్వీ క్షిపణిని మోసిన బండ్లవే. వాటి డీజిల్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ చుట్టూ లోహపు రెక్కలుంటాయి, పెద్ద ఫ్యాన్ వాటి మధ్యకు గాలి తోలుతుంది. సిలిండర్ లోహానికీ గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా నీళ్ల రేడియేటర్‌లో కన్నా చాలా ఎక్కువ కాబట్టి, తక్కువ గాలితోనే ఎక్కువ వేడి పోతుంది. రాజస్థాన్ ఎడారిలో నీళ్ల కోసం వెతుక్కునే పని లేదు. కానీ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే ఇక్కడా అదే గతి.

ఇప్పుడు పాత జీపులను కొని బాగుచేసుకునే యువకులు పెరిగారు. అంతర్గంగ కొండ చుట్టూ, కేజీఎఫ్ పరిసరాల్లో, హార్స్‌లీ హిల్స్ ఎక్కే దారుల్లో ఆ బండ్లు కనిపిస్తాయి. వేడి తగ్గించడానికి చాలామంది మొదట చేసే పని బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి ఎత్తడం. గుట్ట ఎక్కేటప్పుడు, బండి నిలిపినప్పుడు వేడిగాలి ఆ సందులోంచి లేచిపోతుంది. కానీ హైవే మీద వేగం పెరిగాక ముందు అద్దం అడుగున గాలి ఒత్తిడి పోగుపడుతుంది, అప్పుడు ఆ సందులోంచి గాలి లోపలికే జొరబడి రేడియేటర్ వెనక గాలిని బయటికి పోనివ్వదు. పక్కల మీదో, బానెట్ మధ్యలోనో కోసిన చీలికలు ఇంతకన్నా నయం. ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు వేడిని ఆపే నారపట్టీ చుట్టడంలోనూ జాగ్రత్త అవసరం. పోత ఇనుప మానిఫోల్డు వేడి పోయే దారిలేక పగిలే ప్రమాదం ఉంది. వేలెడు సందు వదిలి బిగించిన రేకు కవచం మేలు. పాత బండ్ల మీద కనిపించే ఆస్బెస్టాస్ తాడును మాత్రం పొడిగా ఉన్నప్పుడు పీకొద్దు, దాని ధూళి ఊపిరితిత్తులను తినేస్తుంది.

పెట్రోలు జీపు ఉన్నవారికి కొత్త చిక్కొకటి వచ్చింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ కలుస్తోంది. ఎథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. పెట్రోలు గొట్టాన్ని ఎగ్జాస్ట్‌కు దూరంగా మళ్లించడం, పంపుకు రేకు అడ్డు పెట్టడం, ఎథనాల్‌కు తట్టుకునే రబ్బరు గొట్టాలు వేయడం మునుపటికన్నా ముఖ్యమయ్యాయి.

పాత జీపు కొన్నవారు డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక వరస పాటించాలి. మొదట రేడియేటర్‌ను లోపలి వైపు నుంచి బయటికి, మెల్లని నీటిధారతో కడగండి. తర్వాత ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన రేకు తొడుగు ఉందో లేదో చూడండి. పాత బండ్లలో ఎక్కువగా పోయేది అదే, అది లేకపోతే ఫ్యాన్ లాగే గాలిలో చాలా భాగం పక్కలనుంచే వచ్చేస్తుంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా గ్రిల్ ముందు ఒక కాగితం పెట్టండి, అతుక్కుపోతే గాలి ఆడుతున్నట్టు. ఆ తర్వాత మూత, బెల్ట్, థర్మోస్టాట్, మానిఫోల్డులోని రేకు తలుపు వరసగా చూడండి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి, కూలెంట్‌ను శుద్ధజలంతోనే కలపండి. ఇవన్నీ చేశాక కూడా వేడి తగ్గకపోతే, అప్పుడే కొత్త రేడియేటర్ మాట ఎత్తండి.