ఉప్పులేని అన్నం

అన్నం తిని బీపీ తగ్గించుకోవచ్చంటే గాజువాకలో ఎవరైనా నవ్వుతారు. స్టీల్‌ప్లాంట్ కార్మికులు తినేదీ అన్నమే కదా, మరి వాళ్లలో బీపీ మాత్రలు మింగేవాళ్లకు కొదవేముంది! అయినా బీపీ పత్యం కథలో పెద్ద మలుపు అన్నంతోనే వచ్చింది, అదీ అమెరికాలో.

1934లో జర్మనీ నుంచి డ్యూక్ యూనివర్సిటీకి వెళ్లిన డాక్టర్ వాల్టర్ కెంప్‌నర్, దెబ్బతిన్న కిడ్నీలకు పని తగ్గించే దారి వెతికాడు. బీపీకి సరైన మందుల్లేని కాలం. రోగులకు అన్నం, పళ్లు, పళ్లరసం, పంచదార పెట్టాడు. ఉప్పు మాత్రం నిషేధం. 1942లో ఒకామెను రెండు వారాలు తినమంటే, ఆయన జర్మన్ యాస సరిగ్గా అర్థంకాక రెండు నెలలు తిని వచ్చిందట. బీపీ బాగా దిగింది.

తోటి డాక్టర్లు అనుమానించారు. కెంప్‌నర్ రోగుల కంటి లోపలి ఫొటోలు తీసి చూపించాడు. కంటి వెనుక పొరలోని సన్నటి రక్తనాళాలు మెదడులోని వాటికి దగ్గరి చుట్టాలు. బీపీ ముదిరినవాళ్ల కళ్లలో వాపు, రక్తపు మరకలు. కొన్ని నెలల పత్యం తర్వాత చాలామందిలో అవి తగ్గిపోయాయి.

గొప్పతనం అన్నానిది కాదు, ప్రధానంగా అందులో లేని ఉప్పుది. మనం అదే అన్నంలో ఆవకాయ కలిపి, ఎండుచేప నంజుకుంటాం!

ఆ చప్పిడి కూడు ఎన్నాళ్లు తింటారు? 1997లో అమెరికాలోనే వచ్చిన డాష్ పరిశోధన కాస్త కనికరించింది. పళ్లు, కూరగాయలు, వెన్న తీసిన పాలూ పెరుగూ పెంచితే, ఉప్పు తగ్గించకుండానే, బీపీ ఉన్నవాళ్లకు ఎనిమిది వారాల్లో పై అంకె సగటున 11 దిగింది. 2001లో ఉప్పు కూడా తగ్గించి చూస్తే ఇంకా దిగింది.

బీపీ సంగతి సరే, మెదడు కోసమే కూర్చిన మైండ్ ఆహారం కూడా 2015లో వచ్చింది. మూడేళ్ల పరీక్ష ఫలితాలు 2023లో వెలువడితే, జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ఫలానా ఆకుకూర తింటే మతిమరుపు రాదనేవాళ్లను నమ్మక్కర్లేదు. బీపీ తగ్గితే పక్షవాతం ముప్పు తగ్గుతుందన్నది మాత్రం గట్టి మాట.

ఒక రోజంతా పట్టిన మూత్రాన్ని పరీక్షించి, ఆంధ్రలో మనిషి రోజుకు సగటున 9.5 గ్రాముల ఉప్పు తింటున్నట్టు 2017లో ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు. మన ఉప్పులో ఎక్కువ భాగం చిప్స్ ప్యాకెట్లది కాదు, వంటింటి డబ్బాలోదే. చైనాలో 600 గ్రామాల్లో ఆ డబ్బానే మార్చి చూశారు. నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఆ ఉప్పు ముట్టుకోకూడదు. వాళ్ల ఒంట్లో పొటాషియం పేరుకుపోతే గుండెకే ముప్పు.